కంప్యూటర్ గది తాళం తీయండి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపండి అన్నా, అని హాస్టల్ తమ్ముళ్ళు అడిగినప్పుడు మేము నలుగురం ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒకరు పాత జ్ఞాపకాలు రాద్దామన్నారు. ఇంకొకరు, జ్ఞాపకాలు అందరూ రాస్తారు, పనికొచ్చేది రాద్దామన్నారు. చివరికి, ఈమధ్య హాస్టల్‌కు వచ్చినప్పుడు కళ్ళారా చూసిన ఒక విషయం గురించే రాయాలని నిర్ణయించుకున్నాం.

స్టోర్ రూములో బియ్యం బస్తాల వెనుక, విరిగిన ట్రంకు పెట్టెల మీద, మేము నేర్చుకున్న పాత కంప్యూటర్ దుమ్ము పట్టి కనిపించింది. దాన్ని చూసి బాధపడలేదు. దేనికైనా వయసు అయిపోతుంది. బాధ కలిగించింది పక్క గది. అందులో కొత్త కంప్యూటర్లు నాలుగు ఉన్నాయి. వాటి మీద గుడ్డ కప్పి ఉంది. గదికి తాళం ఉంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయని భయమట!

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. తాళం వేసిన కొత్త కంప్యూటర్ కన్నా తాళం తీసిన పాత కంప్యూటర్ వెయ్యి రెట్లు మేలు. పిల్లవాడి చేతిలో పాడైపోయే అవకాశం లేని యంత్రం పిల్లవాడికి ఏమీ నేర్పదు. ఇది ఉత్తమాట కాదు, మా అనుభవం.

మేము ఈ హాస్టల్లో ఉన్న 2002, 2003 సంవత్సరాల్లో ఒక ఆఫీసువారు కొత్తవి కొనుక్కుని, పాత 486 కంప్యూటర్ ఒకటి మన హాస్టల్‌కు ఇచ్చారు. అప్పటికి బయట విండోస్ ఎక్స్‌పీ వచ్చేసింది. మా దాంట్లో ఉన్నది ఎమ్మెస్-డాస్ 6.22. నల్లటి తెర, దాని మీద మిణుకు మిణుకుమనే ఒక చిన్న గీత, అంతే. బొమ్మలు లేవు, పాటలు లేవు. చాలామంది ఒకసారి చూసి వెళ్ళిపోయారు. అప్పటి వార్డెన్ సార్ మాత్రం, "ఇప్పటికే పాతది, ఇంకేం పాడవుతుంది, నేర్చుకోండిరా" అని తాళం చెవి మా చేతిలో పెట్టారు. ఆ ఒక్క మాట మా బతుకులు మార్చిందని చెప్పడానికి మేము సిగ్గుపడం.

డాస్ అంటే తెలియని తమ్ముళ్ళ కోసం నాలుగు మాటలు. 1980లో అమెరికాలోని సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీలో టిమ్ ప్యాటర్సన్ అనే ఇంజనీరు దీన్ని మొదట రాశాడు. హడావిడిగా, మెరుగులు దిద్దకుండా చేసిన పని అనే అర్థం వచ్చేలా దానికి క్యూడాస్ అని పేరు పెట్టారు. 1981లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది. అదే ఏడాది ఆగస్టు 12న ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌తో పాటు అది ప్రపంచమంతా వెళ్ళింది. 1983లో వచ్చిన 2.0 వెర్షన్‌తో హార్డ్ డిస్కూ, ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకునే వీలూ వచ్చాయి. 1991లో వచ్చిన 5.0 తో క్యూబేసిక్ అనే ప్రోగ్రామింగ్ సాధనం ఉచితంగా జత అయ్యింది. 1994 నాటి 6.22 విడిగా అమ్మిన చివరి ఎమ్మెస్-డాస్. మామూలు ప్రోగ్రాములు వాడుకోగల మెమరీ అందులో 640 కిలోబైట్లు. ఇవాళ తమ్ముళ్ళ చేతుల్లో ఉండే 4 జీబీ ఫోన్ మెమరీ దానికి ఆరువేల రెట్ల కంటే ఎక్కువ. అంత చిన్న జాగాలోనే ఆఫీసుల లెక్కలు, బ్యాంకుల లెక్కలు నడిచాయి.

ఆ రోజుల్లో ఊళ్ళోని కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ కోర్సు చేసిన సీనియర్ ఒకాయన నోటుపుస్తకం మాకు ఇచ్చాడు. అందులో "ఇంటర్నల్ కమాండ్స్, ఎక్స్‌టర్నల్ కమాండ్స్, తేడాలు రాయుము" అని ప్రశ్న, దానికి పది మార్కుల జవాబు ఉన్నాయి. మేమూ బట్టీ పట్టాం. అర్థం మాత్రం కాలేదు. ఒకరోజు హార్డ్ డిస్కు మొరాయిస్తే ఫ్లాపీ పెట్టి మిషన్ ఆన్ చేశాం. డిర్ అని కొడితే పని చేసింది. ఫార్మాట్ అని కొడితే "బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్" అంది. ఎందుకు? డిర్, కాపీ, డెల్ లాంటివి కమాండ్.కామ్ అనే ఫైలు కడుపులోనే ఉంటాయి. ఫార్మాట్, ఎక్స్‌కాపీ లాంటివి విడి ఫైళ్ళు. మా ఫ్లాపీలో ఆ విడి ఫైలు లేదు. పది మార్కుల జవాబు ఒక్క నిమిషంలో అర్థమైపోయింది. చదువుకూ చేతికీ మధ్య ఉన్న దూరం ఎంతో ఆరోజే తెలిసింది.

తర్వాత బ్యాచ్ ఫైళ్ళు మొదలుపెట్టాం. ఇది పెద్ద విద్యేమీ కాదు. మనం ఒక్కొక్కటిగా టైపు చేసే కమాండ్లను వరసగా ఒక ఫైలులో రాసి, దాని పేరు చివర బ్యాట్ అని పెడితే, ఆ ఫైలు పేరు కొట్టగానే అన్నీ వరసగా నడుస్తాయి. ఇఫ్ అంటే షరతు, గోటు అంటే ఫలానా చోటికి వెళ్ళు, ఫర్ అంటే ఇన్నింటికీ ఇదే పని చెయ్యి. పాతిక ఇంగ్లీషు మాటలు వస్తే చాలు. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు ఇంగ్లీషంటే ఉన్న భయం మొదట పోయింది ఇక్కడే. మిషన్ మన ఉచ్చారణ చూసి నవ్వదు. తప్పు రాస్తే కలెక్టరు కొడుకునైనా కూలివాడి కొడుకునైనా ఒకే మాటతో తిడుతుంది.

వార్డెన్ సార్ మాకో పని అప్పగించారు. హాస్టల్లోని తొంభై ఆరుగురి వివరాలు, అంటే తండ్రి పేరు, ఊరు, తరగతి, మార్కులు, ఒక్కొక్కరికి ఒక్కో ఫైలుగా ఎక్కించాలి. ఆ పనిలో మేము మూడు పెద్ద తప్పులు చేశాం. ఆ మూడూ దాచకుండా చెబుతాం, ఎందుకంటే మేము నేర్చుకున్నదంతా వాటిలోనే ఉంది.

మొదటి తప్పు. ఖాళీ ఫారం ఒకటి తయారుచేసి, విద్యార్థి పేరు కొట్టగానే ఆ పేరుతో దాని కాపీ తీసి ఎడిట్‌లో తెరిచే బ్యాచ్ ఫైలు రాశాం. ఫైలులో %1 అని రాసిన చోట మనం కొట్టిన పేరు వచ్చి కూర్చుంటుంది. బాగానే నడిచింది. వారం తర్వాత చూస్తే వెంకటేశ్వర్లు వివరాలు మాయం! ఆ ఫైలు తెరిస్తే వెంకటేశం వివరాలున్నాయి. దొంగతనం ఎవరిదని ఒకరినొకరం అనుమానించుకున్నాం. దొంగ ఎవరూ లేరు. డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలే ఉంటాయి, మిగతావి చెప్పాపెట్టకుండా కోసేస్తుంది. ఇంగ్లీషులో రాస్తే ఈ రెండు పేర్లకూ మొదటి ఎనిమిది అక్షరాలు ఒకటే. బ్యాచ్ ఫైలులో కాపీ కమాండు అడగకుండానే పాత ఫైలు మీద కొత్తది రాసేసింది. అప్పటినుంచి పేరుకు బదులు అడ్మిషన్ నంబరు పెట్టాం. కాపీ చేసేముందు ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉందా అని ఇఫ్ ఎగ్జిస్ట్‌తో అడిగి, ఉంటే ఆగిపొమ్మని రాశాం. మనుషులకు పేరు గౌరవం. లెక్కకు మాత్రం ఒకరికి ఒకటే ఉండే గుర్తు కావాలి. పెద్ద పెద్ద డేటాబేస్ చదువుల్లో తర్వాత చెప్పిన మొదటి పాఠం ఇదే. మాకది అప్పటికే తెలుసు.

రెండో తప్పు ఇంకా పెద్దది. పనికిరాని ఫైళ్ళు పడేసే ఫోల్డరు ఒకటి ఉండేది. నెలాఖరుకు దాన్ని ఖాళీ చెయ్యడానికి రెండు వరసల బ్యాచ్ ఫైలు రాశాం. మొదటి వరస, ఆ ఫోల్డరులోకి వెళ్ళు. రెండో వరస, అక్కడున్నవన్నీ తుడిచెయ్యి, అంటే డెల్ *.* అన్నమాట. డాస్ పాపం "ఖాయమేనా?" అని ఒకసారి అడుగుతుంది. మాకు అది విసుగనిపించి, అవును అనే జవాబు కూడా బ్యాచ్ ఫైలే ఇచ్చేలా చేశాం. ఒక నెల ఆ ఫోల్డరును మాలో ఒకరు తీసేశారు, మిగతావాళ్ళకు చెప్పలేదు. బ్యాచ్ ఫైలు నడిపాం. మొదటి వరస, అలాంటి ఫోల్డరు లేదు అంది. అని ఊరుకోలేదు, రెండో వరసకు వెళ్ళిపోయింది! ఒక కమాండు విఫలమైతే డాస్ తనంతట తాను ఆగదు. మేము అప్పుడు నిలబడి ఉన్నది విద్యార్థుల ఫైళ్ళ ఫోల్డరులో. తొంభై ఆరుగురి వివరాలూ ఒక్క క్షణంలో పోయాయి.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మరునాడు సార్‌కు నిజం చెప్పాం. ఆయన తిట్టలేదు, "తిరిగి తెచ్చే మార్గం ఉందేమో వెతకండి" అన్నారు. 6.22 లో హెల్ప్ అని కొడితే పెద్ద పుస్తకమే తెరుచుకుంటుంది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాం. అన్‌డిలీట్ అనే కమాండు కనిపించింది. డాస్ ఫైలును తుడిచినప్పుడు నిజంగా లోపలి రాతను చెరపదు. జాబితాలో దాని పేరులోని మొదటి అక్షరాన్ని మాత్రం కొట్టేసి, ఆ జాగా ఖాళీ అని రాసుకుంటుంది. దాని మీద ఇంకేమీ రాయకముందే వెళితే తిరిగి తెచ్చుకోవచ్చు. అయితే ఒక్కో ఫైలుకూ పోయిన ఆ మొదటి అక్షరం మనమే చెప్పాలి. 112 ది 212 ది రెండూ ఇప్పుడు ప్రశ్నార్థకమూ 12 గానే కనిపిస్తున్నాయి. అడ్మిషన్ రిజిస్టరు ముందేసుకుని, ఒక్కొక్కటి తెరిచి చూసి సరిచేస్తూ రెండు స్టడీ అవర్లు కూర్చున్నాం. తొంభై ఒకటి దొరికాయి. మిగతా ఐదుగురినీ పిలిచి అడిగి మళ్ళీ ఎక్కించాం. ఆ ఐదుగురికీ మేము ఇప్పటికీ క్షమాపణ బాకీ.

మూడో తప్పు బుద్ధి వచ్చాక చేసినది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ప్రతి శనివారం ఫైళ్ళన్నీ ఎక్స్‌కాపీతో ఫ్లాపీలోకి ఎక్కించడం మొదలుపెట్టాం. ఎక్స్‌కాపీ పని ముగించాక ఒక అంకె వదిలి వెళుతుంది. 0 అయితే పని జరిగింది. 1 అయితే కాపీ చేయడానికి ఫైళ్ళే దొరకలేదు. 4 అయితే జాగా చాలకపోవడం లాంటి కారణంతో ఆగింది. 5 అయితే డిస్కు మీద రాయడంలో లోపం. ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1 అని మొదట రాసి, "ఫైళ్ళు లేవు" అని చూపించమన్నాం. 4, 5 తర్వాత రాశాం. ఒక శనివారం "ఫైళ్ళు లేవు" అని వచ్చింది. కళ్ళ ముందు ఫైళ్ళున్నాయి! రెండు రోజులు తలలు బద్దలు కొట్టుకున్నాం. కిటుకు ఏమిటంటే, ఎర్రర్‌లెవెల్ 1 అంటే సరిగ్గా ఒకటి అని కాదు, ఒకటి లేదా అంతకంటే ఎక్కువ అని. 4 వచ్చినా మొదటి షరతే నిజమైపోయింది. అసలు సంగతి, ఎవరో ఫ్లాపీని ఆటలతో నింపేశారు, జాగా లేదు. పెద్ద అంకె నుంచి కిందికి అడుగుతూ రావాలని ఆరోజు నేర్చుకున్నాం. సరిగా వినకుండా తీర్పు చెప్పే పంచాయితీ ఎంత ప్రమాదమో, సరైన వరసలో అడగని ప్రశ్న కూడా అంతే ప్రమాదం.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మిత్రులారా, ఈ మూడింటిలో ఏ ఒక్కటీ గుడ్డ కప్పిన కంప్యూటర్ మాకు నేర్పి ఉండేది కాదు. తప్పు చేసే హక్కు ఇచ్చారు కాబట్టి దిద్దుకునే ఓపిక వచ్చింది. డబ్బున్న ఇళ్ళ పిల్లలకు ఆ హక్కు ఇంట్లోనే దొరుకుతుంది, పాడైతే నాన్న బాగు చేయిస్తాడు. మన పిల్లలకు అది హాస్టల్లో దొరకాలి, లేకపోతే ఎక్కడా దొరకదు. "మీకు పాడుచేయడమే తెలుసు" అనే మాట మనవాళ్ళు తరతరాలుగా వింటూనే ఉన్నారు. ఆ మాట కంప్యూటర్ గది తలుపు మీద కూడా రాసిపెట్టాలా?

కొందరు అడగవచ్చు, ఈ కాలంలో ఇంకా డాస్ ఏమిటి, ఉద్యోగం వస్తుందా అని. రాదు. నిజం చెప్పాలి. డాస్ కమాండ్లు వచ్చని చెబితే ఇవాళ ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. 64 బిట్ల విండోస్‌లో ఆనాటి డాస్ ప్రోగ్రాములు నేరుగా నడవవు కూడా. తెలుగు విషయంలోనూ డాస్‌కు పెద్ద లోటు ఉండేది. దానంతట అది తెలుగు చూపించలేదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీడాక్ సంస్థ తయారుచేసిన జిస్ట్ కార్డు బిగించుకుంటేనే డాస్ తెర మీద మన అక్షరాలు కనిపించేవి. మా హాస్టల్‌కు అది ఎక్కడిది? మా పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, అదీ ఎనిమిదికి కుదించుకుని, రాసుకున్నాం. ఇప్పుడు ఫోన్లోనే తెలుగు రాస్తున్నారు. కాబట్టి పాతదంతా బంగారం అని మేము అనడం లేదు.

మేము అనేది వేరు. షరతు, మళ్ళీ మళ్ళీ చేయడం, పని జరిగిందో లేదో అంకెతో చెప్పడం, ఈ మూడూ ఇవాళ్టి పైథాన్‌లోనూ ఉన్నాయి, లైనక్స్ సర్వర్లలోనూ ఉన్నాయి. లైనక్స్‌లో కూడా పని సవ్యంగా జరిగితే వదిలే అంకె 0 యే. బ్యాచ్ ఫైళ్ళయితే ఇప్పటి విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కూడా నడుస్తాయి. మాలో ఒకరు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నారు, ఒకరు సర్కారు బడిలో లెక్కల టీచరు, ఒకరు ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నారు, ఒకరు బ్యాంకులో ఉన్నారు. నలుగురి పనిలోనూ ఆ నల్లతెర పాఠాలు పనికొస్తున్నాయి. ఫోన్లో వేలు జరపడం వాడకం. "ఇది జరగకపోతే ఏం చెయ్యాలి?" అని ముందే రాసిపెట్టడం ప్రోగ్రామింగ్. రెండూ ఒకటి కావు.

పైగా మా రోజుల్లో లేని సదుపాయాలు ఇప్పుడున్నాయి. 1994లో మైక్రోసాఫ్ట్ డాస్‌ను వదిలేయబోతోందని తెలిసి, జిమ్ హాల్ అనే ఫిజిక్స్ విద్యార్థి ఫ్రీడాస్ అనే ఉచిత డాస్‌కు శ్రీకారం చుట్టాడు. 2006లో దాని 1.0 వెర్షన్ వచ్చింది. గమనించండి, ఆయన అప్పటికి కాలేజీ విద్యార్థే. ఇంకా విశేషం, మైక్రోసాఫ్ట్ తొలినాటి ఎమ్మెస్-డాస్ అసలు ప్రోగ్రామును 2014లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారానూ, 4.00 వెర్షన్‌ను 2024లోనూ అందరూ చదువుకునేలా బయటపెట్టింది. మేము ఎనిమిది అక్షరాలే ఎందుకని జుట్టు పీక్కున్న చోట, మీరు ఆ ప్రోగ్రామే తెరిచి చూసుకోవచ్చు. డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము వేసుకుంటే కొత్త కంప్యూటర్లోనే పాత డాస్ నడుస్తుంది. తుడిచేసినా అందులో చూపిన ఫోల్డరు వరకే పోతుంది, మిగతా మిషన్ భద్రం. పాడవుతుందనే భయానికి ఇక ఆధారమే లేదు.

అందుకని వార్డెన్ సార్లకు, మేడంలకు, హాస్టల్ కమిటీకి మా విన్నపాలు ఇవి. వారానికి కనీసం రెండు స్టడీ అవర్లు కంప్యూటర్ గది తెరవండి. తాళం చెవి ఇద్దరు విద్యార్థి బాధ్యుల దగ్గర ఉంచి, పేర్లు నోటీసు బోర్డు మీద రాయండి. పిల్లలకు సినిమా పేర్లు టైపు చేయమని కాక, హాస్టల్‌కు పనికొచ్చే పని ఇవ్వండి. మెస్ సరుకుల లెక్క గానీ, లైబ్రరీ పుస్తకాల జాబితా గానీ వాళ్ళనే చేయనివ్వండి. అయితే చేతిరాత రిజిస్టరు మాత్రం మానకండి. మమ్మల్ని కాపాడింది అదే. గదిలో ఒక తప్పుల పుస్తకం పెట్టండి. ఎవరు ఏ తప్పు చేశారో, ఎలా దిద్దారో వాళ్ళే రాయాలి. దానికి శిక్ష ఉండకూడదు. బాలికల హాస్టళ్ళలో ఈ గదులకు తాళాలు రెండేసి ఉంటాయని మా చెల్లెళ్ళు చెబుతున్నారు. ఆ రెండు తాళాలూ ముందు తీయండి.

తోటి పూర్వ విద్యార్థులకూ ఒక మాట. వార్షికోత్సవానికి వచ్చి, ఫ్యాను దానం చేసి, ఫొటో దిగి వెళ్ళడం సులువే. అది తప్పని అనం, ఎండాకాలం ఫ్యాను కావాలి. కానీ నెలకు ఒక ఆదివారం, చికెన్ వండే రోజే, పొద్దున వచ్చి రెండు గంటలు పిల్లల పక్కన కూర్చోండి. మీరు చెప్పనక్కరలేదు, వాళ్ళు తప్పు చేస్తున్నప్పుడు మౌస్ లాక్కోకుండా కూర్చుంటే చాలు. మేము నలుగురం వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి వంతులవారీగా వస్తాం. వార్డెన్ సార్‌తో మాట్లాడి ఒప్పించాం.

తమ్ముళ్ళూ, స్టోర్ రూములోని ఆ పాత మిషన్‌ను అమ్మేయకండి. అది మళ్ళీ ఆన్ అవుతుందో లేదో చెప్పలేం. ఆన్ కాకపోతే విప్పి చూడండి, లోపల ఏముందో తెలుస్తుంది. ఆన్ అయితే, మా ఫోల్డరులో తొంభై ఆరు ఫైళ్ళుంటాయి, వెంకటేశ్వర్లుదీ వెంకటేశందీ విడివిడిగా. డెల్ *.* మాత్రం కొట్టే ముందు మీరు ఏ ఫోల్డరులో ఉన్నారో ఒకసారి చూసుకోండి.

– 2004 బ్యాచ్ పూర్వ విద్యార్థులు నలుగురు